కుడివైపు రోడ్డు మీద నాకు తోడు నిలిచినవాళ్ళకి కృతజ్ఞతలు

విజయనగరంలో మా బడికి మధ్యాహ్న భోజనం వండే ఆవిడ భర్తకి, టెక్సాస్‌లో మా అమ్మాయి వాళ్ళ పక్క వీధిలో ఉండే బొబ్బిలి అమ్మాయికి నలుగురి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. పేర్లు వద్దని ఇద్దరూ గట్టిగా చెప్పారు కాబట్టి పేర్లు రాయడం లేదు. చదివితే వాళ్ళకే తెలుస్తుంది. అమెరికా రోడ్ల మీద మా మనవణ్ణి బడికి, పసిపాపని డాక్టరు దగ్గరికి క్షేమంగా తిప్పి తీసుకొచ్చానంటే అది వాళ్ళిద్దరి చలవే.

మా అమ్మాయికి రెండో కాన్పు. సిజేరియన్ చేస్తారని ముందే తెలుసు. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు కారు నడపకూడదన్నారు. అల్లుడి సెలవులు కాన్పుకే సరిపోతాయి. వాళ్ళుండే చోట బస్సు లేదు, ఆటో అన్న మాటే లేదు. పెద్దవాణ్ణి రోజూ బడిలో దింపాలి. పుట్టిన బిడ్డకి కామెర్లు ఉన్నాయేమో చూపించడానికి ఇంటికొచ్చిన రెండు మూడు రోజుల్లోనే మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. "అమ్మా, నువ్వు నడపగలవా?" అని అమ్మాయి ఫోన్లో అడిగింది. ఏళ్ళ తరబడి నెల్లిమర్ల రోడ్డు మీద బడికి కారులో వెళ్ళొస్తున్నదాన్ని, డ్రైవింగ్ నాకు కొత్త కాదు. కాని అక్కడ స్టీరింగు ఎడమ పక్క, బండి పోయేది కుడి పక్క. మొదటి టెన్షన్ అదే.

కాగితాల పని సులువుగానే అయింది. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌కి సారథి వెబ్‌సైట్‌లో అప్లై చేసి, వెయ్యి రూపాయల ఫీజు కట్టి, పాస్‌పోర్టు, వీసా చూపిస్తే రవాణా కార్యాలయంలో ఇస్తారు. ఏడాది చెల్లుతుంది. అది ఒక్కటీ పట్టుకెళ్తే చాలదనీ, మన అసలు లైసెన్సు కూడా వెంట ఉండాలనీ అక్కడి కౌంటర్‌లో ఉన్న అమ్మాయి రెండుసార్లు చెప్పింది. ఆ అమ్మాయికీ నా ధన్యవాదాలు. అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి రూలు మారుతుంది కనుక వెళ్ళే ముందు ఆ రాష్ట్రం సంగతి కనుక్కోవాలి. అల్లుడు ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ చేసి నా పేరు కూడా చేర్పించాడు. ఇది చాలామంది మర్చిపోయే పని.

ఇక అసలు విషయం. నా దిగులు విని మా వంటావిడ, "మా ఇంటాయన మస్కట్‌లో అంతకాలం నీళ్ళ ట్యాంకర్ తోలాడు కదమ్మా, అక్కడా అటే కదా రోడ్డు. ఓసారి మాట్లాడండి" అంది. ఒమన్, సౌదీ, దుబాయ్, ఖతర్ అన్నీ కుడివైపు రోడ్లే. చీపురుపల్లి, రాజాం, టెక్కలి, సోంపేట ఏ వైపు చూసినా గల్ఫ్ వెళ్ళొచ్చినవాళ్ళు ఉంటారు. ఈ విద్య మన ఊళ్ళలోనే ఇంతమంది దగ్గర ఉందని నాకు అంతవరకూ తట్టలేదు.

ఆయన ఆదివారం మా ఇంటికి వచ్చాడు. కారు తాళం అడుగుతాడనుకున్నాను. ముగ్గు డబ్బా అడిగాడు. వాకిట్లో ముగ్గుతో నాలుగు రోడ్ల జంక్షన్ గీశాడు. ఒక్కో రోడ్డుకీ మధ్యలో గీత. నన్ను ఒక రోడ్డు మొదట్లో నిలబెట్టి, "టీచరమ్మా, ఇప్పుడు కుడి పక్కనే నడవండి. ఎడం పక్కకి తిరగండి" అన్నాడు. చదవడానికి చాలా తేలిక. నడిస్తే తెలుస్తుంది. మనకి ఎడమకి తిరగడమంటే మూల పట్టుకుని చటుక్కున తిరిగిపోవడమే. అక్కడ ఎడమకి తిరగాలంటే జంక్షన్ మధ్యదాకా వెళ్ళి, ఎదురుగా వచ్చే బళ్ళని పోనిచ్చి, చుట్టు తిరిగి అవతలి సగంలో పడాలి. కుడికి తిరగడం మాత్రం మూల మలుపు. "కుడి దగ్గర, ఎడమ దూరం. ఇదొక్కటి నోట్లో పెట్టుకోండి" అన్నాడు. ముగ్గు చెరిగిపోయేదాకా నడిపించాడు. వీధిలో పిల్లలు కూడా చేరి నడిచారు.

తర్వాత నన్ను మా కారులోనే ఎడమ సీట్లో కూర్చోబెట్టి, తను నడుపుతూ ధర్మపురి వైపు తీసుకెళ్ళాడు. "ఇప్పుడు ఈ సీటు మట్టి పక్కన ఉంది కదమ్మా. అక్కడ ఇదే సీటు నడిరోడ్డు పక్కకి వస్తుంది. రోడ్డు ఎటున్నా సరే, తోలేవాడు నడిరోడ్డు పక్క, పక్క సీటు మనిషి మట్టి పక్క. మీకు మట్టి దగ్గరగా కనబడిందంటే రాంగ్ సైడ్‌లో ఉన్నట్టే, ఆపీండి." ఈ మాట ఎడమ రోడ్డుకీ కుడి రోడ్డుకీ కూడా సరిపోతుంది. ఇంత పొట్టి మాటలో అంత పెద్ద సంగతి చెప్పిన పాఠం నా టీచరు ఉద్యోగంలో నేను కూడా ఎక్కువసార్లు చెప్పలేదు.

ఇంకో రెండు జాగ్రత్తలు కూడా ఆయనవే. మన మారుతి, హ్యుందాయ్ కార్లలో ఇండికేటర్ కుడి చేతి కింద ఉంటుంది. అక్కడ ఎడమ చేతి కింద. కొత్తలో అందరి చెయ్యీ అలవాటు కొద్దీ వైపర్ మీదకే పోతుందనీ, వైపర్ తిరిగితే కంగారు పడి స్టీరింగు వదలకూడదనీ చెప్పాడు. రెండోది ఎడమ కాలు. అక్కడి కార్లు దాదాపు అన్నీ ఆటోమేటిక్. క్లచ్ ఉండదు. మన ఎడమ కాలు క్లచ్ అనుకుని బ్రేకుని గట్టిగా తొక్కేస్తుంది, వెనక బండి వచ్చి గుద్దుతుంది. అందుకని ఎడమ కాలు వెనక్కి పెట్టి, మడమ సీటుకి ఆనించి కూర్చోమన్నాడు. అక్కడ ఉన్నన్నాళ్ళూ అలాగే కూర్చున్నాను.

టెక్సాస్‌లో దిగాక బొబ్బిలి అమ్మాయి నన్ను తన చేతుల్లోకి తీసుకుంది. మొదటి రోజు "ఆంటీ" అంది. మాది విజయనగరం అనగానే "పిన్నీ" అయిపోయింది. ఆదివారం పొద్దున్న బడి పార్కింగ్ ఖాళీగా ఉంటుందని తన కారు తీసుకుని అక్కడికి వచ్చింది. పసిపిల్ల తల్లి, వారమంతా ఉద్యోగం, ఉన్న ఒక్క సెలవు రోజూ నాకిచ్చింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది.

ఆ అమ్మాయి చెప్పిన అన్నింటిలోకీ నన్ను ఎక్కువ కాపాడినది పసుపు గీత. అమెరికాలో ఎదురెదురుగా పోయే బళ్ళని విడదీసే గీత పసుపుది. ఒకే వైపు పోయే వరసల మధ్య గీత తెల్లది. డివైడర్ ఉన్న పెద్ద రోడ్డు మీద కూడా ఎడమ అంచున పసుపు గీతే ఉంటుంది. "పసుపు ఎప్పుడూ నీ ఎడమ చేతి పక్కనే ఉండాలి పిన్నీ. కుడి పక్కన కనిపించిందంటే ఎదురు రోడ్డులోకి వెళ్ళిపోయినట్టే." ముగ్గు గీతల మీద నేర్చుకున్న నడిరోడ్డు పాఠానికి అక్కడ రంగు కూడా దొరికింది.

కుడి పక్క అద్దం వైపు చూడమని పదే పదే చెప్పేది. ఏళ్ళ తరబడి కుడి సీట్లో కూర్చున్న మనిషి ఎడమ సీట్లోకి వస్తే బండి తెలియకుండానే కుడికి జరుగుతుంది, ఎందుకంటే మనకి అవతల అంత బండి ఉందని శరీరానికి తెలియదు. అటు ఆగి ఉన్న కార్ల అద్దాలు విరిగేది అందుకే.

ఎడమకి తిరగడానికి జంక్షన్ మధ్యలో ఆగినప్పుడు చక్రాలు తిన్నగానే ఉంచమంది. ముందే తిప్పి పెట్టుకుంటే, వెనక నుంచి ఎవరైనా తగిలితే మనం సరాసరి ఎదురు బండి మీదకి పోతాం. ఇది ఇండియాలో ఇన్నేళ్ళ డ్రైవింగ్‌లో నాకెవరూ చెప్పలేదు. ఇక్కడ కుడికి తిరిగేటప్పుడూ ఇదే వర్తిస్తుంది, అందుకే రాస్తున్నాను.

రెడ్ లైట్ ఉన్నా కుడికి తిరగనిస్తారు, కాని మన ఫ్రీ లెఫ్ట్ లాగా ఆగకుండా పోకూడదు. పూర్తిగా ఆగాలి, ఎడమ నుంచి వచ్చే బళ్ళనీ, నడిచేవాళ్ళనీ చూసుకోవాలి, తిరగొద్దన్న బోర్డు ఉంటే ఆగిపోవాలి. నాలుగు వైపులా స్టాప్ బోర్డులున్న చోట ముందొచ్చినవాళ్ళు ముందు పోతారు. ఒకేసారి వస్తే కుడి పక్కనున్నవాళ్ళది ముందు. హారన్ మాట లేదు. పసుపు రంగు బడి బస్సు ఎర్ర లైట్లు వెలిగించి, పక్కనుండే స్టాప్ బోర్డుని చెయ్యిలా చాపిందంటే వెనకవాళ్ళే కాదు, మధ్యలో డివైడర్ లేకపోతే ఎదురుగా వచ్చేవాళ్ళు కూడా ఆగాలి. టీచరుగా నాకు ఆ దృశ్యం చూస్తే చేతులెత్తి మొక్కాలనిపించింది. ఒక పిల్లవాడు బస్సు దిగి రోడ్డు దాటేదాకా రోడ్డు రోడ్డంతా నిలబడింది.

ఇద్దరూ వేరు వేరుగా చెప్పి, ఒకరికొకరు తెలియకపోయినా ఒకే మాట చెప్పినది ఒకటుంది. బళ్ళున్న రోడ్డు మీద భయం లేదు, ముందు బండి వెనక పోతాం. ఖాళీ రోడ్డు మీదే జాగ్రత్త. తెల్లవారుజామున, పెట్రోల్ బంకులోంచి బయటికి వచ్చేటప్పుడు, పార్కింగ్‌లోంచి రోడ్డెక్కేటప్పుడు చుట్టూ ఎవరూ ఉండరు, పాత అలవాటు లేచి చెయ్యి పట్టుకుంటుంది. అందుకని అలాంటి చోటల్లా ఆగి, "కుడి దగ్గర, ఎడమ దూరం" అని పైకి అనుకునేదాన్ని. వెనక సీట్లో మనవడికి ఆ మాట నోటికొచ్చేసింది. నేను మర్చిపోతానేమోనని వాడే అనేవాడు.

కారు నడపకపోయినా, అమ్మానాన్నలుగా వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. మన దగ్గర రోడ్డు దాటేటప్పుడు ముందు కుడి పక్కకి చూస్తాం, దగ్గరి బండి అటునుంచి వస్తుంది కనుక. అక్కడ దగ్గరి బండి ఎడమ నుంచి వస్తుంది. మా వారికి సాయంత్రం నడక అలవాటు, ఈ సంగతి ఆయనకి పదిసార్లు చెప్పాను. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, సింగపూర్, మలేషియా వెళ్ళేవాళ్ళకి ఈ బెంగ లేదు, అక్కడా మనలాగే ఎడమ రోడ్డు.

నేను సోషల్ టీచర్ని. స్వీడన్ దేశం 1967 సెప్టెంబర్ 3న ఎడమ నుంచి కుడికి మారిందని పిల్లలకి చెబుతుంటాను. తెల్లవారుజామున 4:50కి బళ్ళన్నీ ఆగి, అవతలి పక్కకి జరిగి, 5 గంటలకి మళ్ళీ కదిలాయి. సమోవా 2009లో కుడి నుంచి ఎడమకి వచ్చింది. అక్కడ దేశమంతా ఒకేసారి కొత్త, అందరూ మెల్లగా పోయారు. ఒంటరిగా పరాయి దేశం వెళ్ళిన మనిషికి ఆ వీలు లేదు. చుట్టూ అందరికీ పాతదే, తనకి ఒక్కదానికే కొత్త. పక్క సీట్లో ఒక మనిషి కూర్చుని చెప్పడం ఎంత విలువైనదో నాకు అక్కడ తెలిసింది.

తిరిగొచ్చినరోజు సంగతి కూడా చెప్పాలి. విశాఖ ఎయిర్‌పోర్టు బయట మా వంటావిడ భర్త నిలబడి ఉన్నాడు. మేం రమ్మనలేదు, వంటావిడ ద్వారా టైము కనుక్కున్నాడట. "అటు అలవాటు పడి వచ్చారు కదమ్మా, ఇటు తోలడానికి రెండు రోజులు ఆగండి. నేను మస్కట్ నుంచి వచ్చినప్పుడల్లా నాకూ అలగే ఉండేది" అన్నాడు. ఇంటిదాకా తనే నడిపి, మరుసటి రోజు పక్కన కూర్చుని మూడు లాంతర్ల మీదుగా ఓసారి తిప్పించాకే తాళం నా చేతికిచ్చాడు.

విజయనగరం, శ్రీకాకుళం నుంచి పిల్లల దగ్గరికి వెళ్ళి కారు నడపాల్సి వచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే, ముందు మీ ఊళ్ళో గల్ఫ్‌లో బండి తోలి వచ్చిన డ్రైవరు ఎవరున్నారో అడగండి. ఏ వీడియోలోనూ లేని సంగతులు వాళ్ళ దగ్గర ఉన్నాయి. మా వంటావిడ భర్త ఆదివారాలు నేర్పడానికి ఒప్పుకున్నాడు. ఫోన్ నంబరు ఇక్కడ పెట్టను, మా బడి తెలిసినవాళ్ళు నన్ను అడిగితే చెబుతాను. నా దగ్గర రూపాయి పుచ్చుకోలేదు, మీరు మాత్రం ఆయన సమయానికి తగినది ఇవ్వండి, ఆయనది రోజు కూలి మీద నడిచే ఇల్లు.

తమ్ముడూ, నువ్వు డబ్బు వద్దన్నావు. మీ అబ్బాయి ఈ ఏడు టెన్త్. సోషల్ ఒక్కటే కాదు, ఇంగ్లీషు కూడా నేనే చెబుతాను, సాయంత్రం బడి అయ్యాక ఇంటికి పంపు. బొబ్బిలి తల్లీ, ఈసారి నువ్వు మన దేశం వచ్చినప్పుడు మీ అమ్మని చూడ్డానికి బొబ్బిలి వెళ్ళే ముందు మా ఇంట్లో భోజనం చేసి వెళ్ళాలి. విశాఖ నుంచి కారు నేనే తెస్తాను.