కాశీలో తాళంచెవి పట్టుకుపోయిన గైడ్ గురించి, 22 రోజులుగా రాని మీ ఫోన్ గురించి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. ఇది నేను మీకు రాస్తున్న నాలుగో ఉత్తరం. మొదటి మూడు మెయిల్స్‌కీ అక్షరం మారకుండా ఒకటే జవాబు వచ్చింది: "మీ అభిప్రాయం మాకు విలువైనది." నేను పంపింది అభిప్రాయం కాదండీ, ఫిర్యాదు. అందుకే ఈసారి కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. మీ ఆఫీసులో ఎవరో ఒకరు సంతకం పెట్టి తీసుకోక తప్పదు కదా.

కార్తీక మాసంలో మీ కాశీ యాత్రకు మా అమ్మను తీసుకొచ్చాను. ఆవిడకు 71 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. డబ్బు కట్టేటప్పుడే ఆ సంగతి చెప్పాను. "మా గైడ్ చెయ్యి పట్టుకుని నడిపిస్తాడు మేడం" అన్నారు మీవాళ్ళు.

గుడి దగ్గరి గొదౌలియా కూడలిలో దిగి విశ్వనాథ్ గల్లీలోకి నడిచాం. పక్కపక్కన ఇద్దరు నడిస్తే ఎదురొచ్చేవాళ్ళకు దారి ఉండదు. అటూ ఇటూ గాజులు, పూసల దండలు, ఇత్తడి సామాను, చెక్కబొమ్మలు, మధ్యలో ఒక ఆవు, వెనక నుంచి "హర హర మహాదేవ" అంటూ తోసుకొచ్చే జనం. ఆ రద్దీకి అమ్మ భయపడలేదు. ఊళ్ళో పంచడానికి కాశీ దారాలు, కాశీ చెంబులు బేరమాడి కొనుక్కుంది. అంత సంతోషంగా ఆవిడను నాన్న పోయాక నేను చూడలేదు. కానీ మీ గైడ్ మమ్మల్ని యాత్ర కాగితంలో ఎక్కడా లేని పట్టుచీరల షాపుకు తీసుకెళ్ళి గంటన్నర కూర్చోబెట్టాడు. గుడి క్యూలోకి వెళ్ళేసరికి అమ్మ కాళ్ళు అప్పటికే వాచాయి.

గుడిలోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. ఒక పూలకొట్టులో ఎనిమిది మంది ఫోన్లూ, చెప్పులూ ఒకే లాకర్‌లో పెట్టించి తాళంచెవి గైడ్ తన జేబులో వేసుకున్నాడు. 2021 డిసెంబరులో కాశీ విశ్వనాథ్ కారిడార్ ప్రారంభించాక ఆ ఆవరణ గంగ ఒడ్డు దాకా విశాలమైంది, గేట్లు కూడా చాలా ఉన్నాయి. "ఫలానా గేటు దగ్గర నిలబడండి" అని ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. స్వామి దర్శనం, అన్నపూర్ణమ్మ దర్శనం చేసుకుని మేం వేరే గేటులోంచి బయటపడ్డాం. మీ గైడ్ మిగతావాళ్ళ ఫోన్లు తీసిచ్చి, మా రెండూ లోపలే ఉంచి తాళం వేసి, వాళ్ళను పడవ ఎక్కించడానికి వెళ్ళిపోయాడు. చెప్పులు లేవు, ఫోన్ లేదు, ఎవరి నంబరూ గుర్తులేదు. అమ్మ ఒక గాజుల కొట్టు మెట్టు మీద కూలబడింది.

ఆ కొట్టాయనకు తెలుగు వచ్చు. స్టూలు వేసి, నీళ్ళిచ్చి, మా మెడలో మీరు వేసిన ట్యాగ్ మీది నంబరుకు తన ఫోన్ నుంచే కలిపాడు. మీ కాల్ సెంటర్ అమ్మాయి ఏమందో తెలుసా? "రిజిస్టర్డ్ మొబైల్ నంబరు నుంచి కాల్ చేయండి." ఆ మొబైలే లాకర్‌లో ఉందమ్మా అన్నాను. "రూల్ మేడం" అని పెట్టేసింది. రెండోసారి ఇంకొకాయన బుకింగ్ నంబరు అడిగాడు. అదీ ఫోన్‌లోనే ఉంది. మూడోసారి 11 నిమిషాలు పాట వినిపించి కట్ చేశారు. చివరికి ఆ కొట్టాయనే తన కుర్రాణ్ణి తోడిచ్చి పూలకొట్టు వెతికించాడు. పూలకొట్టు యజమాని తన దగ్గరున్న రెండో తాళంచెవితో లాకర్ తెరిచి, ఫోన్ల లాక్ తీసి చూపించాక మాకిచ్చాడు. మీతో ఏ సంబంధమూ లేని ఇద్దరు మనుషులు చేసిన పని ఇది.

అప్పటికి పొద్దు వాలింది. బస్సుకు టైం అయిపోయిందని విశాలాక్షి అమ్మవారి గుడి మానేయించారు. ఆ గుడి ఉన్న మీర్ ఘాట్ అక్కడి నుంచి నడిచి వెళ్ళేంత దూరమే. రోజూ ఆ అమ్మవారి పేరొచ్చే అష్టాదశ శక్తిపీఠాల శ్లోకం చదువుకునే మనిషిని అంత దగ్గర నుంచి వెనక్కి తిప్పారు.

ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలైంది. 24 గంటల్లో ఫోన్ చేస్తామన్నారు, మూడు రోజులు చూశాం. మళ్ళీ చేస్తే "అది టూర్స్ డిపార్ట్‌మెంట్" అన్నారు. వాళ్ళు "గైడ్ లోకల్ ఏజెంట్ మనిషి, మాకు సంబంధం లేదు" అన్నారు. డబ్బు తీసుకున్నది మీరు, ట్యాగ్ మీద పేరు మీది, గైడ్ మాత్రం మీవాడు కాదా? ఇచ్చిన ఏజెంట్ నంబరు పనిచేయదు. ప్రతిసారీ కొత్త మనిషి, ప్రతిసారీ మొదటి నుంచి చెప్పాలి. తొమ్మిదో రోజున "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, రేటింగ్ ఇవ్వండి" అని మెసేజ్ వచ్చింది. ఎవరు పరిష్కరించారు? మాతో ఎవరు మాట్లాడారు?

అన్నిటికంటే బాధపెట్టింది 14వ రోజు మేం చేసిన కాల్. "దర్శనం అయింది కదా మేడం, ఇంకేం కావాలి?" అన్నాడొకాయన. ఫోన్ స్పీకర్‌లో ఉంది. అమ్మ వింది. కాసేపాగి "నేనేమైనా తప్పు అడిగానా అమ్మా?" అని నన్ను అడిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మేం మీకు కొత్తవాళ్ళం కాదు. 2016లో రామేశ్వరం, 2018లో షిర్డీ, 2023లో అరుణాచలం మీతోనే వెళ్ళాం. నా మాట నమ్మి మా వీధిలో ఆరు కుటుంబాలు మీ బస్సెక్కాయి. ఇప్పుడు వాళ్ళు అడిగితే ఏం చెప్పాలో మీరే చెప్పండి.

చూపించని గుడికీ, చూపించిన చీరల షాపుకూ ఎంత తిరిగివ్వాలో మీరే లెక్క కట్టండి, దాని గురించి తర్వాత మాట్లాడదాం. ముందు మీ దగ్గర బాధ్యత గల ఒక మనిషి ఫోన్ చేసి మా అమ్మతో తెలుగులో మాట్లాడి, జరిగింది తప్పని చెప్పాలి. ఈ ఉత్తరం అందిన వారంలోగా అది జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్తాను. 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, లాయర్ లేకుండా నేనే వాదించుకోవచ్చు, గడువు రెండేళ్ళుంది. ట్యాగ్, యాత్ర కాగితం, మీ "పరిష్కరించబడింది" మెసేజ్ అన్నీ దాచాను.

అమ్మకు పూజ అయ్యేసరికి ఉదయం తొమ్మిదవుతుంది. ఆ తర్వాత ఎప్పుడు చేసినా ఫోన్ ఆవిడే తీస్తుంది.

ఇట్లు,
కార్తీక మాసం కాశీ బ్యాచ్,
17, 18 సీట్ల తల్లీకూతుళ్ళం