ముడి పదార్థాల ఆన్‌లైన్ ట్రైనింగ్ చూసే యూరోపియన్ కమిషన్ అధికారి గారికి బహిరంగ లేఖ

నమస్కారం అండీ. 2024 మేలో క్రిటికల్ రా మెటీరియల్స్ చట్టం (కీలకమైన ముడి పదార్థాల చట్టం) అమల్లోకి తెచ్చారు, 2030 కల్లా వ్యూహాత్మక పదార్థాల్లో ఏటా వాడేదాంట్లో 10 శాతం తవ్వకం, 40 శాతం ప్రాసెసింగ్, 25 శాతం రీసైక్లింగ్ యూరోపియన్ యూనియన్ (ఈయూ)లోనే చేసుకోగలగాలన్నారు, చాలా మంచిది, కానీ ఆ ప్లాంట్లు నడిపే మనుషులేరీ? ఆన్‌లైన్ కోర్సులు కావాల్సిందే, కాకపోతే స్లైడ్లు చదివేసి క్విజ్ పెట్టి సర్టిఫికెట్ చేతిలో పెట్టేవి వద్దు.

అయస్కాంతాల్లో వాడే నియోడిమియం, ప్రసియోడిమియం అనే లోహాలు రసాయనికంగా దాదాపు ఒకేలా ఉంటాయి, సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్‌లో, అంటే ద్రావకాలతో లోహాలను వేరుచేసే పద్ధతిలో, వాటిని విడదీయాలంటే ఎన్నో స్టేజీలు వరసగా దాటించాలి, ఒకచోట పీహెచ్ (ఆమ్లత్వం) తేడా వస్తే మిగతా స్టేజీలకీ పాకుతుంది, అది బయటపడేసరికి చాలా టైం పోతుంది. దీనికి సిమ్యులేటర్ పెట్టండి, ట్రైనీ తనే సెట్టింగులు మార్చి, చెడగొట్టి, మళ్ళీ సరిచేసి చూడాలి, అక్కడైతే ఎవరికీ ప్రమాదం లేదు కదా.

చిప్‌లలో వాడే గాలియం అనే లోహం, బాక్సైట్ ఖనిజం నుంచి అల్యూమినా (అల్యూమినియం తయారీకి వాడే పొడి) తీసేటప్పుడు ఉప ఉత్పత్తిగా వస్తుంది, అంటే ఆ రిఫైనరీల్లో ఇప్పటికే ఉన్న ఆపరేటర్లకి మిగతా కొంచెం నేర్పితే చాలు. వాళ్ళకి చిన్న చిన్న మాడ్యూల్స్ ఇవ్వండి, షిఫ్ట్ దిగాక ఫోన్లో వాళ్ళ భాషలోనే చూసుకునేలా.

బ్యాటరీ రీసైక్లింగ్ సేఫ్టీని మాత్రం దయచేసి మొత్తం ఆన్‌లైన్‌కి వదిలేయకండి. లిథియం అయాన్ సెల్ అంటుకుంటే హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు రావచ్చు, మాస్కు సరిగ్గా బిగించుకోవడం వీడియో చూస్తే వచ్చేది కాదు. పైలట్ ప్లాంటులో (ప్రయోగాత్మకంగా నడిపే చిన్న ప్లాంటులో) చేతులతో చేయించాకే సర్టిఫికెట్ ఇవ్వండి, అది అన్ని సభ్య దేశాల్లోనూ చెల్లాలి. సిలబస్ కమిటీలో ప్రొఫెసర్ల పక్కనే షిఫ్ట్ సూపర్‌వైజర్లనీ కూర్చోబెట్టండి.