ఏ మండలానికి ఎప్పుడో చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను హనుమకొండలో ఉంటున్న రిటైర్డ్ టీచర్‌ని. రిటైర్మెంట్ సొమ్ములో కొంత ఒక ప్రైవేటు టెలికాం కంపెనీ షేర్లలో పెట్టాను. ధర పడటం, లేవడం మార్కెట్ సంగతి. దానికి సిద్ధపడే కొన్నాను. మా డబ్బుతో నెట్‌వర్క్ ఎక్కడ, ఎప్పుడు బాగుపడుతుందో ఎవరూ చెప్పడం లేదు. నా బాధంతా అదే.

మా తమ్ముడికి ములుగు జిల్లా గోవిందరావుపేట దగ్గర ఎరువుల దుకాణం ఉంది. నాట్ల సమయంలో నేను అక్కడే ఉండగా ఒక రైతు రెండు డీఏపీ బస్తాలు తీసుకుని ఫోన్‌పే కొట్టాడు. అతని ఖాతాలో డబ్బు కట్ అయింది. కౌంటర్ మీది సౌండ్ బాక్స్ మాత్రం పలకలేదు. "పైసలు పోయినయే అన్నా, నువ్వే చూడు" అని ఫోన్ చూపించాడు. మావాడి ఫోన్‌లో సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉన్నాయి, నెట్ మాత్రం తిరుగుతూనే ఉంది. బస్తాలు బండి మీదికెక్కినా రైతు కదల్లేడు, మావాడు పొమ్మనలేడు. ఇరవై ఏళ్ల పరిచయం ఉన్నవాళ్లు అరగంట సేపు ఒకరి మొహం ఒకరు చూడలేక నిలబడ్డారు. మావాడి ఫోన్‌లోని సిమ్ నేను షేర్లు కొన్న కంపెనీదే. తర్వాతి వారం తమ్ముడు వేరే కంపెనీకి మారిపోయాడు. వద్దని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

గీతలు నిండుగా ఉండీ నెట్ రాలేదంటే, చాలాసార్లు ఇరుకు ఉండేది టవర్ నుంచి అవతలికి డేటా పోయే దారిలో. పల్లెల్లో ఎన్నో టవర్లకు ఫైబర్ కేబుల్ లేదు. ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కు మైక్రోవేవ్ డిష్‌ల ద్వారానే డేటా పోవాలి. వాడకం పెరిగేకొద్దీ ఆ దారి చాలదు. అలాంటి టవర్‌కు 5జీ పరికరాలు బిగించినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. పైగా 5జీకి ఎక్కువగా వాడే 3300 మెగాహెర్ట్జ్ బ్యాండ్ సిగ్నల్ దూరం పోదు. తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లో ఊళ్లు దూరదూరంగా ఉంటాయి. అక్కడ ఖర్చెక్కువ, రాబడి తక్కువ.

కంపెనీల కష్టం నాకు తెలుసు. 2019 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఏజీఆర్ (ప్రభుత్వానికి ఫీజు కట్టేందుకు చూసే ఆదాయం లెక్క) తీర్పుతో బకాయిలు నెత్తిన పడ్డాయి. 2022 వేలంలో స్పెక్ట్రమ్‌కే, అంటే సిగ్నల్ తరంగాలు వాడుకునే హక్కుకే, దాదాపు లక్షన్నర కోట్లు పలికింది. అదే ఏడాది అక్టోబర్ 1న దేశంలో 5జీ మొదలైంది. 2024 జూలైలో మూడు ప్రైవేటు కంపెనీలూ రీఛార్జ్ రేట్లు పెంచాయి. మరి ఆ పెంచిన డబ్బులో మా వైపు టవర్లకు ఎంత వచ్చింది?

మూడు నెలలకోసారి ఇచ్చే ఫలితాల్లో దీనికి జవాబు దొరకదు. ఒక్కో కస్టమర్ మీద సగటు ఆదాయం ఎంతో ఉంటుంది, మొత్తం పెట్టుబడి ఖర్చు ఎంతో ఉంటుంది. టెలికాం లెక్కల్లో తెలంగాణ ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోనే ఉంది. రాష్ట్రం వచ్చి పదేళ్లు దాటింది! హైదరాబాద్, విశాఖ, తాడ్వాయి ఒకే అంకెలో కలిసిపోతే ఏం తెలుస్తుంది? 2024 అక్టోబర్‌లో అమల్లోకి వచ్చిన ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నిబంధనల ప్రకారం కంపెనీలు కవరేజీ మ్యాపులను వెబ్‌సైట్లలో పెట్టాలి. మంచి పని. కానీ ఆ మ్యాపు ఈ రోజు సిగ్నల్ ఎక్కడుందో చూపిస్తుంది, రేపు ఎక్కడికి వస్తుందో చెప్పదు. ఆన్‌లైన్‌లో జరిగిన వార్షిక సమావేశంలో పేరు నమోదు చేసుకుని మరీ ఇదే అడిగాను. "మీ సూచన నోట్ చేసుకున్నాం" అన్నారు. అంతే.

బీఎస్ఎన్ఎల్ సంగతీ చెప్పాలి. 2019, 2022, 2023లో కేంద్రం దానికి ఇచ్చిన మూడు ప్యాకేజీలు కలిపితే 3 లక్షల కోట్లు దాటాయి. దేశవ్యాప్త 4జీ ప్రారంభం 2025 సెప్టెంబర్ 27న గానీ జరగలేదు. ఆ ప్యాకేజీలు మన పన్నుల డబ్బు. ఒక్క షేరు కూడా లేనివాళ్లు సైతం అందులో వాటాదారులే.

మేడారం జాతరకు తాత్కాలిక టవర్లు తెచ్చి పెడతారు. భక్తులకు అది చాలా అవసరం. జాతర ముగిశాక అవి వెళ్లిపోతాయి, తాడ్వాయి మండలం జనం మాత్రం అక్కడే ఉంటారు.

ప్రతి కంపెనీ మూడు నెలల ఫలితాలతో పాటు మండలాలవారీ పట్టిక ఇవ్వాలి. ఎన్ని టవర్లకు ఫైబర్ ఉంది, వచ్చే ఆరు నెలల్లో ఎన్నింటికి వేస్తారు అన్నది అందులో ఉండాలి. ట్రాయ్ తెలంగాణ లెక్కలు విడిగా ఇవ్వాలి. మిషన్ భగీరథ మంచినీటి పైపుల కందకాల్లో వేసిన టీ-ఫైబర్ (రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్ పథకం) కేబుల్‌ను వీలున్న చోటల్లా న్యాయమైన అద్దెకు టవర్లకు ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

వచ్చే వార్షిక సమావేశానికి మళ్లీ పేరు ఇస్తాను. గోవిందరావుపేట మండలంలో మిగిలిన టవర్లకు ఫైబర్ ఏ నెలలో వేస్తారని అడుగుతాను.

ఇట్లు,
ఒక చిన్న వాటాదారు, హనుమకొండ