కలెక్టర్ గారికి బహిరంగ లేఖ: మా బ్లాకు ఆఫీసు కప్పును పట్టించుకోండి

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

ఒడిశా దక్షిణ సరిహద్దులో ఉంటున్న తెలుగువాళ్లం. మా బ్లాకు ఆఫీసు భవనం గురించి ఇచ్చిన అర్జీలకు జవాబు రాలేదు కనుక అందరి ఎదుటా రాస్తున్నాను.

మే నెలలో ఆ వరండాలో పింఛను పని మీద కూర్చునే ముసలివాళ్లను మీరొకసారి చూడాలి. పైన స్లాబు కాలిపోతుంటుంది. కరెంటు పోతే ఫ్యాను ఆగుతుంది, కుండలో నీళ్లుండవు. లోపల కిటికీలకు బీరువాలు అడ్డుపెట్టి పట్టపగలే ట్యూబులైట్లు వేస్తారు. కిందటి వేసవిలో ఒక సవర తెగ అవ్వ అక్కడే కళ్లు తిరిగి పడిపోయింది. ఆమె వచ్చింది ఒక్క వేలిముద్ర కోసం.

100 చదరపు మీటర్ల కప్పు మీద 1,000 మిల్లీమీటర్ల వాన కురిస్తే లక్ష లీటర్లు. మన దగ్గర ఏడాది సగటు అంతకు తగ్గదు. ఆ నీరంతా రోడ్డు పాలవుతోంది, బోరేమో ఏప్రిల్‌కే ఎండుతోంది.

సోలారు కిలోవాటుకు 10 చదరపు మీటర్ల చోటు చాలు, రోజుకు దాదాపు 4 యూనిట్లు వస్తాయి. బ్యాటరీ లేకపోతే కరెంటుతో పాటే అదీ ఆగుతుంది కనుక వరండా ఫ్యాన్లకైనా బ్యాటరీ ఉండాలి.

వచ్చే వేసవిలోపు స్లాబుకు తెల్లపూత, ఇంకుడు గుంత, సోలారు ఏర్పాటు చేయించండి. ఏ పని ఏ తేదీకి పూర్తవుతుందో ఒడియాలోనూ తెలుగులోనూ రాయించి నోటీసు బోర్డుపై పెట్టించండి.

ఇట్లు,
మీ జిల్లా విశ్రాంత ఉపాధ్యాయుడు