రాళ్లకు పట్టిన నాచు అమ్మకం ఆపేశాం: ఎయిప్టేసియా గురించి ఉన్నదున్నట్టు

గత రెండు నెలల్లో మా దగ్గర ఉప్పునీటి అక్వేరియం కోసం రాయికి పట్టిన నాచు, అంటే హాలిమెడా గానీ గ్రాసిలేరియా గానీ, కొన్నవాళ్లు ముందు మీ ట్యాంకు చూసుకోండి. దానితోపాటు ఎయిప్టేసియా, అంటే ట్యాంకులో తెగులులా పాకే చిన్న సముద్రపు ఎనిమోన్, వచ్చి ఉండొచ్చు. లేత గోధుమరంగు కాడ, సన్నగా మొనదేలిన చేతులు, నీడ పడితే చాలు చటుక్కున రంధ్రంలోకి ముడుచుకుపోతుంది. చేతుల కొసలు బుడిపెల్లా ఉంటే అది మజానో అనే మరో రకం ఎనిమోన్. ఒకదానికి పనిచేసే ప్రతి మందూ రెండోదానికి పనిచేయదు.

సరుకు పంపినవాళ్లు ‘తొట్లో పెంచిన శుభ్రమైన నాచు’ అని రాసిచ్చారు. తొట్లో పెంచిందే, అది అబద్ధం కాదు. కానీ ఆ తొట్టికీ, పగడాలూ లైవ్ రాకూ (జీవులు పట్టిన రాయి) ఉంచే తొట్లకూ సంప్, అంటే నీళ్లు వడకట్టి తిప్పే కింది తొట్టి, ఒకటే. ఎయిప్టేసియా పాదం నుంచి ఊడిన చిన్న ముక్క నీటితోపాటు పక్క తొట్లో పడితే చాలు, అక్కడ కొత్తది లేస్తుంది. ఈ సంగతి మేం గుచ్చి అడిగాకే చెప్పారు. పైగా ‘మీ ట్యాంకులోదే అంటుకుని ఉంటుంది’ అన్నారు. ఆ మాట మింగుడుపడలేదు. తర్వాత వచ్చిన పెట్టెను మా ట్యాంకుల దరిదాపులకు రానీయకుండా, అప్పుడే కలిపిన ఉప్పునీళ్లున్న విడి బకెట్లో విప్పాం. హాలిమెడా మొదట్లో, ఇసుక పట్టుకున్న పీచుల మధ్య రెండు దొరికాయి. ఫొటోలు పంపితే జవాబు లేదు. వాళ్ల దగ్గర ఇక కొనం. రేపు క్షమాపణ చెప్పినా కొనం.

మా తప్పు కూడా ఉంది. కొత్త నాచును విడిగా ఉంచిన రెండు వారాలూ ఆ తొట్లో మేత వేయలేదు. తిండి లేని ఎయిప్టేసియా గుండుసూది తలంతే ఉండిపోతుంది, కంటికి ఆనదు. చీకట్లో పెట్టినా చావదు, రంగు పోయి గాజులా మారి బతుకుతుంది. ఇకపై 60 రోజులు, పూర్తి వెలుతురులో, రోజు విడిచి రోజు మైసిస్ రొయ్యల నీళ్లు వేస్తూ ఉంచుతాం. దాక్కున్నది తిని పెరిగి బయటపడాలి, అందుకే ఈ మేత.

ఎటూ తేల్చుకోలేకపోయింది మేం నాచు పెంచే తల్లి ట్యాంకుల విషయంలోనే. రాళ్లన్నీ తీసి బ్లీచ్‌లో వేస్తే పని ఒక్క రోజులో అయిపోతుంది. కానీ ఆ రాళ్ల మీదున్న నాచంతా పోతుంది. సున్నం ముద్ద పెడదామంటే ఎయిప్టేసియా ఉన్నది గ్రాసిలేరియా కొమ్మల చీలికల్లో. ముద్ద తగిలిన చోటల్లా కొమ్మ కుళ్లుతుంది. పెప్పర్‌మింట్ రొయ్యలు కొన్ని తింటాయి, కొన్ని మేత రుచి మరిగి అటు చూడవు. కాపర్‌బ్యాండ్ చేపదీ అదే వరస. చివరికి బెర్గియాకే ఓటేశాం. ఈ సముద్రపు నత్త ఎయిప్టేసియా తప్ప మరేదీ తినదు, నాచును ముట్టదు. 400 లీటర్ల ట్యాంకుకు 12 వదిలాం. పట్టేది నెలలు. అన్నాళ్లూ అమ్మకం బంద్. నష్టమే, అయినా ఈ మాట మార్చుకోం.

మీరూ బెర్గియా వేస్తే ముందు రాస్ చేపలనూ పెప్పర్‌మింట్ రొయ్యలనూ తీసేయండి, అవి వీటిని తినేస్తాయి. పవర్‌హెడ్‌లకు (ట్యాంకులో నీళ్లు కదిలించే పంపులు) స్పాంజి తొడగండి. దీపాలార్పాక, ఎయిప్టేసియా పక్కనే పిపెట్‌తో వదలండి. తెల్లటి చుట్టలా గుడ్లు కనిపిస్తే తుడిచేయకండి, రెండు వారాల్లోపు పిల్లలవుతాయి. మజానోను మాత్రం ఇవి తినవు. దానికి సున్నమే.

నాచుకు దూరంగా, ఉత్త రాయి మీద ఉన్నవాటికీ సున్నం వాడొచ్చు. గ్లౌజులూ కళ్లద్దాలూ పెట్టుకుని, కాల్క్‌వాసర్ (అక్వేరియం సున్నం) పొడిని ఆర్‌ఓ నీళ్లలో గడ్డపెరుగంత చిక్కగా కలపండి. పంపులన్నీ ఆపి, మొద్దు సూది సిరంజితో నోటి మీద మెల్లగా వదలండి. పొడిస్తే ముడుచుకుపోతుంది, మందు లోపలికి దిగదు. పావుగంట ఆగి పంపులు వేయండి. రోజుకు నాలుగైదు చాలు, ఎక్కువైతే పీహెచ్ ఎగబాకుతుంది. కాలర్పా అనే నాచు ఉన్న ట్యాంకులో అసలు వద్దు. ఒత్తిడికి అది ఒక్కసారిగా బీజకణాలు వదిలేసి తెల్లబడుతుంది, నీళ్లు మబ్బేసి ఆక్సిజన్ పడిపోతుంది, చేపలు పోతాయి.

బ్లేడుతో గీకొద్దు, కత్తెరతో కోయొద్దు. రాయి మీద మిగిలిన ప్రతి తునకా మళ్లీ లేస్తుంది. రాయి చిన్నదైతే దాన్ని తీసి పారేయడమే మేలు. పారేసే ముందు నాచు కొసలు, మొదలుకు బాగా ఎగువన తుంచి, తెల్ల పళ్లెంలో ఉప్పునీళ్లు పోసి భూతద్దంతో ప్రతి చీలికా చూడండి.

పారేసిన ప్రతి రాయికీ బదులు, 60 రోజుల పరీక్ష దాటిన నాచు ఉచితంగా పంపుతాం. ఫొటో చాలు, బిల్లు అక్కర్లేదు. మా ట్యాంకుల్లో ఎయిప్టేసియా అయిపోయాక బెర్గియాకు తిండి ఉండదు, కాబట్టి ఇంకా బాధపడుతున్నవాళ్లకు వాటినీ ఇచ్చేస్తాం. అమ్మకం మళ్లీ ఎప్పుడని అడగకండి, తేదీ చెప్పలేం.