నీ ప్రొఫైల్లో లేని ముప్పై ఎనిమిది కొట్లు

చిట్టితల్లీ శ్రావణీ,

బెంగళూరు ఉద్యోగం కోసమని నువ్వు పంపిన లింక్డ్‌ఇన్ ప్రొఫైల్ రాత్రి అమ్మా నేనూ కలిసి చదివాం. అమ్మకు ఫొటోలో నువ్వు జడ వేసుకోకపోవడం నచ్చలేదు. నాకు నచ్చనిది వేరే. 'రెండేళ్లు వరుసగా టార్గెట్‌కు మించి అమ్మకాలు' అని మొదటి వరుసలోనే రాశావు. అది చదవగానే నాకు మిర్యాలగూడ గోదాము గుర్తొచ్చింది.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి మూడేళ్లు. నెలాఖరు దగ్గరపడింది, టార్గెట్ ఇంకా పావు వంతు మిగిలే ఉంది. డిస్ట్రిబ్యూటర్‌ను బతిమాలి, స్కీము కింద వచ్చే తగ్గింపు ఆశ చూపి, ఒక లారీ సబ్బులు దింపించాను. కంపెనీ లెక్కలో నేను నూటికి నూటపది సాధించాను. మీటింగులో చప్పట్లు కూడా కొట్టారు. సరుకు మాత్రం గోదాము దాటలేదు. అది ఒకప్పటి రైస్ మిల్లు షెడ్డు. ఎండాకాలం వచ్చేసరికి సబ్బులు చెమర్చి రేపర్లకు అంటుకుపోయాయి. ఆ డిస్ట్రిబ్యూటర్ పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. ఒక సబ్బు తీసి నా చేతిలో పెట్టి, "వాసన చూడండి సార్" అన్నారు. తవుడు వాసన! ఆ తర్వాత ఆరు నెలలు ఆయన ముందు కుర్చీలో కూర్చోలేకపోయాను.

కంపెనీ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లేది ప్రైమరీ, అక్కడి నుంచి కొట్టుకు వెళ్లేది సెకండరీ అని నీకు నేను చెప్పనక్కరలేదు. నీ రెండేళ్ల లెక్క ఇందులో ఏదో ప్రొఫైల్ చూస్తే తెలియడం లేదు. గజ్వేల్ వైపు గడువు తీరిన సరుకు వెనక్కి తీసుకోలేదని అలిగి మన సరుకు కొనడం మానేసిన కొట్లు ముప్పై ఎనిమిది ఉండేవి. వాళ్లకు రావాల్సిన క్లెయిములు తీర్చి, వాటన్నిటినీ మళ్లీ బీటులోకి, అంటే మనవాళ్లు ఆర్డర్లకు తిరిగే కొట్ల వరుసలోకి, తెచ్చానని దీపావళికి ఫోనులో చెప్పావు. అది రాయలేదేం? ఈ పని తెలిసినవాడు ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగుతాడు.

ఇక బెంగళూరు ఉద్యోగం సంగతి. పది నిమిషాల్లో సరుకు ఇంటికి చేర్చే యాప్‌ల వ్యాపారం చూడాలన్నావు. దాన్ని తక్కువ చేసి మాట్లాడను, ఒకసారి అలా మాట్లాడి దెబ్బ తిన్నాను. 2001 ప్రాంతంలో నల్లగొండ పల్లెల్లో హిందుస్థాన్ లీవర్ వాళ్లు పొదుపు సంఘాల ఆడవాళ్లతో సబ్బులు, షాంపూలు అమ్మించడం మొదలుపెట్టారు. ప్రాజెక్ట్ శక్తి అన్నారు. ఇంటింటికీ తిరిగి వీళ్లేం అమ్ముతారని మేం టీ కొట్టు దగ్గర నవ్వుకున్నాం. మా వ్యాను వెళ్లని ఊళ్లకు వాళ్ల సరుకు వెళుతోందని అర్థమయ్యేసరికి ఆలస్యమైపోయింది.

కాబట్టి వెళ్లు. కానీ ఇప్పుడే కాదు. మొన్న నవంబరులో ఒక కొత్త డిస్ట్రిబ్యూటర్‌ను పెట్టావు కదా, అతను నిలబడ్డాడో లేదో చూసి వెళ్లు. మన పనిలో తప్పు చేసిన నెలలోనే తెలియదు, ఎండాకాలం వచ్చాకే వాసన వస్తుంది. నువ్వు వెళ్లాక ఆ వాసన పీల్చేది నీ తర్వాత వచ్చిన పిల్ల.

కదలకపోతే వెనకబడిపోతానన్నావు. లీనా నాయర్ 1992లో హిందుస్థాన్ లీవర్‌లో ట్రైనీగా చేరారు. ఆ గూటిలోనే దాదాపు ముప్పై ఏళ్లు ఉండి, 2022 జనవరిలో షనెల్ అనే ఫ్యాషన్ కంపెనీకి సీఈఓగా వెళ్లారు. ప్రియా నాయర్ 1995లో అక్కడే చేరి, యూనిలీవర్ దాటకుండానే 2025 ఆగస్టులో హిందుస్థాన్ యూనిలీవర్‌కు, అదే పాత హిందుస్థాన్ లీవర్‌కు, తొలి మహిళా సీఈఓ అయ్యారు. వాళ్లంతటి వాళ్లు కావాలని కాదు. నా ఇరవై ఎనిమిదేళ్లలో నాకు వచ్చినవి రెండే ప్రమోషన్లు, ఆ లెక్కన నా సలహా విలువెంతో నువ్వే చూసుకో. నేను ఆగమంటున్నది ఆరు నెలలు, అంతే.

ఆ మొదటి వరుస తీసేసి, గజ్వేల్ కొట్ల సంగతి రాసి మళ్లీ పంపు. ఇంగ్లీషులో ఎలా రాయాలో నాకంటే నీకే బాగా తెలుసు. అమ్మ ఇప్పటికే పాత ఆల్బమ్ ముందేసుకుని జడ ఉన్న ఫొటో వెతుకుతోంది. ఇంటర్ నాటిది దొరికింది. పంపవద్దని చెప్పాను, అయినా పంపుతుంది.

ఆశీస్సులతో,
నాన్న