చెక్క రోలర్ కోస్టర్ అనాలంటే పట్టా చెక్కదై ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు దగ్గరపడితే చాలు, పిల్లల పేజీల్లో 'ప్రపంచంలోకెల్లా ఎత్తైన చెక్క రోలర్ కోస్టర్' అంటూ అమెరికాలోని స్టీల్ వెంజెన్స్ ఫొటో వేస్తుంటారు. ఒహాయోలోని సీడార్ పాయింట్ పార్కులో 2018లో మొదలైన ఆ కోస్టర్‌కి స్తంభాలు చెక్కవే గానీ, బండి పరుగెత్తే పట్టా ఉక్కుది. కాబట్టి దాని 205 అడుగుల ఎత్తు చెక్క కోస్టర్ల లెక్కలోకి రాదు. ఇండియానాలోని హాలిడే వరల్డ్‌లో 2006లో కట్టిన వాయేజ్ సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. స్తంభాలు ఉక్కువి, పట్టా చెక్కది. అది అసలుసిసలు చెక్క కోస్టర్. ఫొటోలో స్తంభాలు చూసి తేల్చేయకండి, చక్రం కింద ఏముందో కనుక్కోండి.

పాత పద్ధతిలో ఈ పట్టాని చెక్క పలకలు ఏడెనిమిది వరసలు ఒకదానిమీద ఒకటి పేర్చి, మేకులు, బోల్టులతో బిగించి తయారుచేస్తారు. పై రెండు వరసలు కాస్త వెడల్పుగా ఉండి అంచు బయటికొస్తుంది. ఆ అంచు కింద నడిచే చక్రమే బండి పైకి లేచిపోకుండా ఆపుతుంది. చక్రాలు తగిలేచోట పలచటి ఇనుప పట్టీ ఉంటుంది, బరువంతా మోసేది మాత్రం చెక్కే. చెక్క వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది, మేకులు వదులవుతాయి. ఒక పలక కొంచెం దిగిందంటే బండి అక్కడ దబ్బున పడుతుంది, పడ్డకొద్దీ ఆ గుంట పెద్దదవుతుంది. అందుకే పొద్దున్నే గేట్లు తెరవకముందు పనివాళ్లు పట్టా వెంట నడిచి చూసుకుంటారు. చలికాలంలో పార్కు మూసినప్పుడు అరిగిన భాగాలు విప్పి కొత్త పలకలు వేస్తారు.

రికార్డు కోసం ఎత్తు పెంచితే ఏమవుతుందో ఒహాయోలోనే ఉన్న కింగ్స్ ఐలాండ్ పార్కు చూపించింది. అక్కడ 2000లో సన్ ఆఫ్ బీస్ట్ కట్టారు. ఎత్తు 218 అడుగులు, వేగం గంటకి 125 కిలోమీటర్లు, పైగా నిలువుగా గుండ్రంగా తిరిగే లూప్. వేగం రెట్టింపైతే మలుపులో పట్టామీద పడే ఒత్తిడి నాలుగింతలవుతుంది. బరువైన బండ్లు అదే చెక్కని రోజంతా అదిమాయి. 2006 జులైలో ఆధారంగా ఉన్న ఒక దూలం దెబ్బతిని పట్టా కుంగింది, బండి కుదుపుకి 27 మంది గాయపడ్డారు. తేలికైన బండ్లు తేవడం కోసం లూప్ తీసేశారు. అయినా 2009లో మూతపడింది, 2012లో కూల్చేశారు. దానికి పేరిచ్చిన బీస్ట్ మాత్రం అదే పార్కులో 1979 నుంచీ నడుస్తోంది. దాదాపు 2,243 మీటర్లతో చెక్క కోస్టర్లలో పొడవులో ఇవాళ్టికీ అదే మొదటిది. చెట్ల మధ్య, నేల ఎత్తుపల్లాల వెంట పట్టా వేయడం ఎంత తెలివైన పనో చెప్పలేం! దాని ఎత్తు 110 అడుగులే, దిగే లోతు 141.

ఈ ఎత్తు, దిగే లోతు అన్నవి రెండు వేర్వేరు అంకెలు. ఎత్తు నేలమీంచి కొలిచేది; బండి పల్లంలోకో సొరంగంలోకో దిగితే లోతు అంతకన్నా ఎక్కువవుతుంది. వార్తల్లో ఎక్కువగా కలిసిపోయేవి ఇవే. ఇలినాయ్‌లో 2014లో తెరిచిన గోలయత్ అనే చెక్క కోస్టర్ ఎత్తు 165 అడుగులైతే, దిగడం 180.

వేగం రికార్డుకి తేదీ లేకపోతే అర్థమే లేదు. టెనెసీలోని డాలీవుడ్ పార్కులో లైట్నింగ్ రాడ్ 2016లో గంటకి 117 కిలోమీటర్లతో, అప్పటిదాకా నడుస్తున్న చెక్క కోస్టర్లలో వేగంలో ముందున్న గోలయత్‌ని దాటింది. తర్వాత దాని పట్టాలో సగానికి పైగా ఉక్కుకి మార్చారు, దాంతో అది పూర్తి చెక్క కోస్టర్ కాకుండా పోయింది.

న్యూజెర్సీలో మన తెలుగువాళ్లు పిల్లలతో వెళ్లే సిక్స్ ఫ్లాగ్స్ పార్కులోని ఎల్ టోరో పట్టా చెక్కదే. కాకపోతే పలకల్ని ఫ్యాక్టరీలో అతికించి, కొలతకి కోసి తెచ్చి బిగించారు. అందుకే నునుపుగా పోతుంది. అలాంటిదానిమీద కూడా 2022లో కుదుపుకి కొందరు గాయపడి, ఆ ఏడాదికి ఆపేశారు.

'అతి పాతది' అన్నప్పుడూ ఏ లెక్కనో చెప్పండి. పెన్సిల్వేనియాలోని లీప్ ద డిప్స్ 1902 నాటిది, కానీ 1985 నుంచి 1999 దాకా మూసే ఉంది. ఎక్కువకాలం ఆగకుండా నడుస్తున్నదిగా పేరున్నది మెల్‌బోర్న్ లూనా పార్కులోని సీనిక్ రైల్వే, 1912 నుంచి. దాని బండి మధ్యలో ఇప్పటికీ ఒక మనిషి నిలబడి చేత్తో బ్రేకు వేస్తాడు.

– ఒక పాఠకుడు, కాకినాడ